తిరుపతికి మొదటిసారి వస్తున్నారా? కొండ కింద, కొండ మీద ఏం చేయాలి, ఎలా చేయాలి

ముందుగా ఒక సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోండి. తిరుపతి వేరు, తిరుమల వేరు. తిరుపతి కొండ కింద ఉన్న నగరం. రైల్వే స్టేషను, పెద్ద బస్టాండు, పెద్దాసుపత్రులు, లాడ్జీలు ఇక్కడే ఉంటాయి. తిరుమల శేషాచలం కొండల మీద, సముద్ర మట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది. శ్రీవారి ఆలయం అక్కడ. రెండింటి మధ్య ఘాట్ రోడ్డులో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం, బస్సులో సుమారు గంట ప్రయాణం. "గది తిరుపతిలో దొరికింది, గుడికి నడిచి వెళ్లిపోతాం" అనుకుని సామానుతో దిగే కుటుంబాలు స్టేషను బయట ఇప్పటికీ కనిపిస్తుంటాయి. గది ఎక్కడ, టోకెన్ ఎక్కడ, దర్శనానికి ఎన్ని గంటలకు ఎక్కడ నిలబడాలి అనే మూడు ప్రశ్నలకు జవాబు తెలిశాకే ఇంటి నుంచి కదలండి.

రెండో సంగతి సమయం. పొద్దున దిగి, మధ్యాహ్నానికి దర్శనం ముగించుకుని, రాత్రి రైలు ఎక్కేద్దామని తిరుగు టికెట్టు తీసుకోకండి. ఇక్కడ ఎంతసేపు వేచి ఉండాలన్నది మన చేతిలో ఉండదు. కనీసం రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. అందులో ఒక పూట ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా వదిలేయండి. దర్శనం ఆలస్యమైతే ఆ పూట అక్కరకు వస్తుంది. కాకపోతే ఊరు చూడటానికి పనికొస్తుంది. ఈ ఒక్క ఏర్పాటు ఉంటే మిగతా చిక్కులన్నీ ఏదో ఒక విధంగా సర్దుకుంటాయి.

ఎప్పుడు రావాలి

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వేసవి సెలవులు కావడంతో రద్దీ కూడా అప్పుడే ఎక్కువ. తప్పనిసరైతే రండి, కానీ పసిపిల్లలతో, పెద్దవాళ్లతో ఆ రెండు నెలలూ నేనైతే వద్దంటాను. మా వైపు వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే రెండు మూడు రోజులు ముసురు పడుతుంది. 2021 నవంబరులో కురిసిన వానలకు తిరుపతి వీధులు చెరువులయ్యాయి. ఆ డిసెంబరు మొదటి తేదీన కొండ ఎక్కే ఘాట్ రోడ్డు మీద పెద్ద బండరాళ్లు జారిపడి రాకపోకలు ఆగిపోయాయి. ఆ నెలల్లో వచ్చేవారు బయలుదేరే ముందు రోజు వాతావరణ సూచన తప్పక చూడాలి. తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయడమే మంచిది.

రద్దీ సంగతి. శని, ఆదివారాలు, వరస సెలవులు, పరీక్షల ఫలితాలు వచ్చాక కొన్ని వారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి రోజుల్లో కొండ కిటకిటలాడుతుంది. సెప్టెంబరు, అక్టోబరు మధ్య తమిళుల పురట్టాసి మాసం వస్తుంది. ఆ నెల శనివారాల్లో తమిళనాడు నుంచి వచ్చే భక్తులకు లెక్క ఉండదు. ఉత్సవాలు చూడాలన్నదే మీ కోరిక అయితే ఆ రోజుల్లోనే రండి, ఆ వైభవం మరో రోజున దొరకదు. తీరికగా దర్శనం కావాలంటే ఫిబ్రవరి నుంచి మార్చి మొదటి వారాల వరకు, అదీ మంగళ, బుధ, గురువారాలు ఎంచుకోండి. ఎండలు ముదరవు, పిల్లల పరీక్షల కాలం కాబట్టి జనం పలచబడతారు.

దర్శనం ఎలా కుదుర్చుకోవాలి

అన్నిటికంటే నెమ్మదైన దారి 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం. దాదాపు మూడు నెలల ముందుగా, సాధారణంగా ప్రతి నెలా 24వ తేదీ ప్రాంతంలో, ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్‌లో విడుదల చేస్తారు. చూస్తుండగానే అయిపోతాయి. అందుకే వచ్చేవారందరి పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు ముందే ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. 12 ఏళ్ల లోపు పిల్లలకు ఈ దర్శనంలో టికెట్టు అక్కర్లేదు, వయసు తెలిపే కాగితం మాత్రం వెంట ఉంచండి. 65 ఏళ్లు దాటిన పెద్దలకు, దివ్యాంగులకు వేరే కోటా ఉంటుంది. అదీ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. మీ అమ్మగారినో నాన్నగారినో తీసుకొస్తుంటే ముందు ఆ కోటా ప్రయత్నించండి. వాళ్ల మోకాళ్లకు అదెంత ఉపశమనమో ఇక్కడికి వచ్చాక తెలుస్తుంది.

టికెట్టు దొరకలేదా? నిరాశ పడకండి. తిరుపతిలో రైల్వే స్టేషను ఎదుట విష్ణు నివాసం, బస్టాండు ఎదుట శ్రీనివాసం, కొండ ఎక్కే దారి మొదలయ్యే అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సు ఉన్నాయి. అక్కడ సమయం కేటాయించిన సర్వదర్శనం టోకెన్లు ఉచితంగా ఇస్తుంటారు. ఆధార్ చూపించాలి, ప్రతి మనిషీ స్వయంగా రావాలి. ఆ రోజు కోటా అయిపోతే కౌంటరు మూసేస్తారు కాబట్టి ఊళ్లో దిగిన వెంటనే, గది సంగతి కూడా తర్వాత చూసుకుని, ముందు ఈ పని చేయండి. టోకెన్ల చోటు, వేళలు రద్దీని బట్టి మారుస్తుంటారు. వచ్చే వారంలోనే దేవస్థానం ప్రకటనలు చూడండి.

టోకెన్ కూడా దొరకకపోతే నేరుగా తిరుమల చేరి వైకుంఠం క్యూ కాంప్లెక్సులోకి వెళ్లవచ్చు. అక్కడ ఎనిమిది గంటలు పట్టవచ్చు, రద్దీ రోజుల్లో ఒక పగలూ ఒక రాత్రీ పట్టవచ్చు. ఖాళీ పూట ఉంచుకోమన్నది ఇందుకే.

ఇక్కడ ఒక మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. గేటు తెరిచారని జనం ఒక్కసారిగా ముందుకు ఉరికితే పక్కకు తప్పుకోండి. పిల్లలు, వృద్ధులు వెంట ఉంటే ఆ గుంపులోకి అసలు దిగకండి. టోకెన్ రేపైనా దొరుకుతుంది.

స్టేషను దగ్గర, బస్టాండు దగ్గర "దర్శనం వెంటనే చేయిస్తాం" అంటూ దళారులు కలుస్తారు. వాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. టికెట్టు మీద ఉన్న పేరు, చేతిలో ఉన్న ఆధార్ కలవకపోతే లోపలికి పంపరు. ఆన్‌లైన్‌లోనూ దేవస్థానం పేరును పోలిన నకిలీ వెబ్‌సైట్లు ఉన్నాయి. టికెట్టుకైనా, గదికైనా, విరాళానికైనా తిరుమల తిరుపతి దేవస్థానాల అధికారిక వెబ్‌సైటు, యాప్ మాత్రమే వాడండి.

సంచిలో ఏముండాలి

అసలు ఆధార్ కార్డు, ఫోటోకాపీ కాదు. దర్శనానికి సంప్రదాయ దుస్తులు ఉండాలి. మగవారికి పంచె లేదా కుర్తా పైజమా, ఆడవారికి చీర, లంగా ఓణీ లేదా చున్నీతో పంజాబీ డ్రెస్సు. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం కనుక స్టీలు సీసా తెచ్చుకోండి. కొండ మీద ఎక్కడపడితే అక్కడ జలప్రసాదం కుళాయిలు ఉన్నాయి, నింపుకోవచ్చు. దుకాణాల్లో గాజు సీసాల్లో నీళ్లు అమ్ముతారు, ఖాళీ సీసా తిరిగి ఇస్తే డిపాజిట్ వాపసు చేస్తారు. సిగరెట్లు, మద్యం, మాంసం అలిపిరి తనిఖీ దగ్గరే ఆపేస్తారు. డిసెంబరు, జనవరిల్లో వచ్చేవారు ఒక శాలువా వేసుకోండి. కింద ఫ్యాను లేనిదే నిద్ర పట్టని రోజున కూడా కొండ మీద తెల్లవారుజామున మంచు కమ్మి వణుకు పుడుతుంది.

చెప్పులు దాచుకోవడానికి ఒక గుడ్డ సంచి మరవకండి. గుడి చుట్టూ ఉన్న మాడ వీధుల్లో చెప్పులు వేసుకోకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ నేల మీద పాదం మోపలేం. చలువ రంగు వేస్తారు, పట్టాలు పరుస్తారు, అయినా కాలుతుంది. ఆ వేళకు వీధుల్లో తిరిగే పని పెట్టుకోకపోవడం మేలు.

రోజూ వేసుకునే మాత్రలు గదిలో కాదు, మీ జేబులో ఉండాలి. బీపీ, షుగరు ఉన్నవారు క్యూలో గంటల తరబడి ఉండిపోవలసి రావచ్చు.

బస

కొండ మీద గది కావాలంటే ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. దర్శనం టికెట్లు విడుదలైన రోజుల్లోనే గదులూ విడుదల చేస్తారు. ముందుగా దొరకనివారు తిరుమలలోని సెంట్రల్ రిసెప్షన్ ఆఫీసు దగ్గర పేరు నమోదు చేయించుకుని వేచి ఉండాలి. గది ఇచ్చేటప్పుడు ముఖం ఫోటో తీస్తారు, ఖాళీ చేసేటప్పుడూ అదే మనిషి ఉండాలి. కాబట్టి ఎవరి పేరున తీసుకోవాలో ఆలోచించి తీసుకోండి. గది దొరకని వారికి యాత్రికుల వసతి సముదాయాల్లో లాకరు, పడుకునే హాలు, స్నానాల గదులు ఉచితం. నడుము వాల్చడానికి, సామాను పెట్టడానికి అది చాలు.

పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న కుటుంబానికి నా సలహా వేరు. కింద తిరుపతిలోనే గది తీసుకోండి. ఆసుపత్రి దగ్గర, మందుల దుకాణం దగ్గర, అర్ధరాత్రి వేడినీళ్లు కావాలన్నా దొరుకుతాయి. విష్ణు నివాసం, శ్రీనివాసం, మాధవం దేవస్థానానివే. అవి నిండిపోతే ప్రైవేటు లాడ్జీలు ఊరంతా ఉన్నాయి. గది చూసి, నీళ్లు వస్తున్నాయో లేదో కుళాయి తిప్పి చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

కొండ ఎక్కడం

బస్టాండు నుంచి, రైల్వే స్టేషను ఎదుటి నుంచి తిరుమలకు ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఘాట్ రోడ్డు మలుపులకు చాలామందికి కడుపులో తిప్పుతుంది. ఎక్కే ముందు పూరీలు, నూనె పదార్థాలు తినకండి. రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని, చేతిలో ఒక నిమ్మకాయ ఉంచుకోండి. సొంత కారులో వచ్చేవారికి ఫాస్టాగ్ ఉండాలి. ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఒక రోడ్డు. ఘాట్‌లో వేగం మీద లెక్క ఉంది, నిర్ణయించిన సమయం కంటే ముందే అవతలి గేటు చేరితే జరిమానా వేస్తారు. అర్ధరాత్రి నుంచి కొన్ని గంటలు రోడ్డు మూసేస్తారు.

నడిచి ఎక్కాలన్న మొక్కు ఉంటే దారులు రెండు. అలిపిరి దారి దాదాపు 3,550 మెట్లు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఉన్న శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, పొడవు తక్కువ, నిటారు ఎక్కువ. మొదటిసారి వచ్చేవారికి అలిపిరి దారే చెబుతాను. దారి పొడవునా చాలావరకు పైకప్పు నీడ ఉంది, నీళ్లు, మరుగుదొడ్లు ఉన్నాయి, తోడుగా జనం ఉంటారు. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు మొదలుపెట్టండి. పాదాల మండపం నుంచి గాలిగోపురం వరకు ఉన్న ఎక్కుడే అసలు కష్టం. అక్కడ ఊపిరి అందక "ఇక మా వల్ల కాదు" అని కూర్చుండిపోయేవారిని రోజూ చూడవచ్చు. కూర్చోండి, తప్పు లేదు. గాలిగోపురం దాటితే దారి చదునుగా సాగుతుంది, కాళ్లు తేరుకుంటాయి. చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ నిలువుగా లేస్తుంది. ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తూ ఎక్కే అమ్మలు మీ పక్కనే ఉంటారు. ఆ మెట్ల మీద నూనె, మైనం జిగురు ఉంటుంది, పాదం చూసుకుని వేయండి. మామూలు ఆరోగ్యం ఉన్నవారికి నాలుగు గంటలు పట్టవచ్చు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు మొక్కు ఉన్నా బస్సులోనే వెళ్లండి. స్వామి ఏమీ అనుకోడు.

సామాను అలిపిరి కౌంటరులో ఇస్తే ఉచితంగా పైకి చేరుస్తారు, రసీదు జాగ్రత్త. 2023 ఆగస్టులో ఈ దారిలో ఒక ఆరేళ్ల పాపను చిరుతపులి పొట్టన పెట్టుకుంది. అప్పటి నుంచి పిల్లలకు, రాత్రి వేళలకు ఆంక్షలు ఉన్నాయి. సిబ్బంది గుంపుగా వెళ్లమంటే వెళ్లండి. పిల్లల్ని పది మెట్లు ముందుకు పరుగెత్తనివ్వకండి, చెయ్యి పట్టుకునే నడిపించండి.

కొండ మీద

పైకి చేరాక సామాను, ఫోన్లు ఉచిత కౌంటర్లలో పెట్టేయాలి. క్యూలోకి ఫోను రానివ్వరు. కాబట్టి కుటుంబం విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోండి. "గుడి ముందు" అంటే సరిపోదు. ఫలానా లాకరు కౌంటరు, ఫలానా భవనం అని పేరు పెట్టి చెప్పుకోవాలి. పిల్లల జేబులో మీ పేరు, నంబరు రాసిన చీటీ ఉంచండి.

తలనీలాలు ఇవ్వాలంటే కల్యాణకట్టలో పూర్తిగా ఉచితం. టోకెన్‌తో పాటు కొత్త బ్లేడు ఇస్తారు. ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. స్నానం చేసి, పుష్కరిణి పక్కనున్న వరాహస్వామిని ముందుగా దర్శించుకుని, ఆ తర్వాత శ్రీవారి క్యూలోకి వెళ్లడం ఇక్కడి ఆచారం. ఆడవారు కొండ మీద తలలో పూలు పెట్టుకోరు, అక్కడ పూచే ప్రతి పువ్వూ స్వామికే అని నమ్మకం. కింద పెట్టుకున్న పూలు కిందే తీసేసి రండి. కొండ మీద ఒకచోటి నుంచి మరోచోటికి తిరగడానికి ధర్మరథం బస్సులు ఉచితం.

క్యూ కాంప్లెక్సులో మిమ్మల్ని ఒక కంపార్టుమెంటులో కూర్చోబెడతారు. మరుగుదొడ్లు ఉంటాయి. శ్రీవారి సేవకులు పాలు, ఉప్మా, అన్నప్రసాదం తెచ్చి ఇస్తారు. ఆకలితో బాధపడేది ఏమీ ఉండదు, కష్టమంతా ఎదురుచూపే. పిల్లలకు ఒక కథల పుస్తకం, మీకు ఒక తుండుగుడ్డ ఉంటే చాలు. మహారాష్ట్ర నుంచి, కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి వచ్చినవారు మీ పక్కనే ఉంటారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా "స్వామీ, కాస్త జరగండి" అంటే అందరికీ అర్థమవుతుంది. గేటు తీయగానే "గోవిందా" అంటూ అందరూ ఒక్కసారిగా లేస్తారు. ఆ క్షణంలో మీరు లేవకండి. ముందు పిల్లల చెయ్యి పట్టుకుని, సంచి చూసుకుని, అప్పుడు లేవండి. కంపార్టుమెంటులోని వారందరికీ వంతు వస్తుంది.

గుడి లోపలి వెండి వాకిలి దాటాక లైను బిగుసుకుంటుంది. స్వామి సన్నిధికి ముందుండే బంగారు వాకిలి చేరేలోపే చిన్నపిల్లల్ని ఎత్తుకోండి, ఎదురుగా వచ్చాక ఎత్తుకుందామంటే వ్యవధి ఉండదు. స్వామి ఎదుట నిలిచేది కొన్ని క్షణాలే. చాలామంది అలవాటు కొద్దీ చేతులు జోడించి కళ్లు మూసుకుంటారు. మూసుకోకండి. లోపల దీపాల వెలుగే. పాదాల నుంచి మొదలుపెట్టి నామం దాకా కళ్లారా చూడండి. కోరికలు చెప్పుకోవడం ముందే, లైనులోనే ముగించండి. బయటికి వచ్చాక తల పైకెత్తి ఆనంద నిలయం గోపురం మీద వెండి మకరతోరణంతో కనిపించే విమాన వేంకటేశ్వరుడికి నమస్కరించండి. అక్కడ ఎవరూ తోయరు, తనివితీరా చూడవచ్చు.

దర్శనం అయిన ప్రతి ఒక్కరికీ ఒక చిన్న లడ్డూ ఉచితం, అదనంగా కావలసినవి 50 రూపాయల చొప్పున కౌంటరులో కొనుక్కోవచ్చు. బయట ఎవరైనా చేతిలో పెట్టుకుని అమ్మితే కొనకండి. భోజనం తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో చేయండి. వేల మంది ఒకేచోట కూర్చుని తినే ఆ వేడి అన్నం, చక్కెర పొంగలి, మజ్జిగ రుచి హోటల్లో రాదు.

ఖాళీ పూట ఊళ్లో

దిగివచ్చాక తిరుచానూరు పద్మావతీ అమ్మవారిని చూడకుండా వెళ్లకండి. ఊరి నుంచి ఐదు కిలోమీటర్లే. శుక్రవారం రద్దీ ఎక్కువ. గోవిందరాజస్వామి గుడి స్టేషనుకు నడక దూరంలో ఉంది. సాయంత్రం ఎండ తగ్గాక ఆ ఎత్తైన గోపురం కింద నుంచి నడుస్తూ వీధి అంగళ్లు చూడటం హాయిగా ఉంటుంది. వానలు పడ్డాక వస్తే కపిలతీర్థంలో కొండ మీది నుంచి దూకే జలపాతం చూడాలి. ప్రవాహం మరీ ఉధృతంగా ఉంటే స్నానాలు ఆపేస్తారు, బతిమాలకండి.

చరిత్ర ఇష్టమైతే చంద్రగిరి కోటకు వెళ్లండి. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో అది ఒకటి. రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. శ్రీకాళహస్తి ఒక పూట ప్రయాణం, చిత్తూరు దగ్గరి కాణిపాకం దాదాపు 70 కిలోమీటర్లు. ఈ మూడింటినీ ఒకే రోజులో చుట్టిపెడతామనే కారువాళ్లు దొరుకుతారు. నేనైతే ఒక్కటే ఎంచుకోమంటాను. మధ్యాహ్నం చాలా గుళ్లలో విరామం ఉంటుంది, పరుగులు తీస్తే మూసిన తలుపులే కనిపిస్తాయి.

ఆటో ఎక్కే ముందే ఎంత, ఎక్కడి వరకు, ఎంతమందికి అన్నది మాట్లాడుకోండి. షేర్ ఆటోలు అలిపిరికి, తిరుచానూరుకు చవకగా వెళతాయి. ఉదయం ఇడ్లీ, పొంగలి, దోసె ఏ వీధిలోనైనా బాగుంటాయి. మాంసాహారులు కొండ దిగి వచ్చాక రాగి సంకటి, నాటుకోడి పులుసు తిని చూడండి, రాయలసీమ రుచి అది. మే, జూన్ నెలల్లో వస్తే చిత్తూరు మామిడి తప్పకుండా కొనండి.

తిరుగు ప్రయాణం

గది తాళం మీరే స్వయంగా అప్పగించి, డిపాజిట్ ఏ ఖాతాలోకి వస్తుందో అడిగి తెలుసుకోండి. కొండ మీది నుంచి రైలుకు బయలుదేరితే కనీసం నాలుగు గంటల ముందు కదలండి. బస్సు కోసం లైను, ఘాట్ రోడ్డు, ఊళ్లో ట్రాఫిక్ అన్నీ కలిసి అంత సమయమూ తినేస్తాయి. టికెట్టు మీద స్టేషను పేరు మరోసారి చూసుకోండి. దూరప్రాంతాల రైళ్లు చాలావరకు తిరుపతికి రాకుండా పది కిలోమీటర్ల దూరంలోని రేణిగుంట జంక్షను మీదుగానే వెళ్లిపోతాయి. విమానాశ్రయం కూడా అటువైపే. మీది రేణిగుంట రైలైతే బస్టాండు నుంచి ఆ వైపు బస్సులు తరచుగా ఉంటాయి, రాత్రి పొద్దుపోయాక మాత్రం ఆటో ముందే మాట్లాడి పెట్టుకోండి.